గబ్బిలంకొండ రాకాసి వీపు

నేను ఒక రాకాసి తలకాయను. ఒకప్పుడు నాకు ఒళ్లు కూడా ఉండేది. మెడ నుంచి మడమల దాకా నల్లటి రబ్బరు తోలు, దాని నిండా మేక వెంట్రుకలు, చేతులకు రేకు గోళ్లు. ఇప్పుడు మిగిలింది ఈ తల, ఎడమ భుజంలో అరచేతి మేర ఒక ముక్క. కుడి చెవి లేదు. నాలుక ఊడి వేలాడుతోంది. నా దగ్గరికి వచ్చిన ప్రతి మనిషీ ముందు ముక్కు మూసుకుంటాడు. మూసుకోనీండి. మనుషుల కంపు నేను అంతకన్నా దగ్గరగా ఎరుగుదును.

మద్రాసులో కోడంబాకం రైలు గేటు అవతల ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నన్ను చేసినవాడు పెంచలయ్య, నెల్లూరు వైపు మనిషి. పౌరాణికాలకు కిరీటాలు, గదలు, రావణుడి తలలు చేసి పేరు తెచ్చుకున్న మేస్త్రీ. ఆ చేతులతోనే నన్నూ చేశాడు. బంకమట్టితో అచ్చు పోసి, రబ్బరు పాలు పూతల మీద పూతలుగా పట్టించి, ఎండబెట్టి ఒలిచాడు. కొమ్ములు కసాయి దుకాణం నుంచి తెచ్చిన పొట్టేలువి. వాటికి ఇంకా మాంసం అంటుకునే ఉంది. నాలుక సైకిలు ట్యూబు. వెంట్రుకలు అతికించింది వడ్రంగులు వాడే వజ్రం బంకతో. ఉడికిన ఎముకల వాసన దానిది. పుట్టిన రోజునే నా వాసనకు నాకే వాంతి వచ్చేట్టయింది. పెంచలయ్య మాత్రం చేతులు తుడుచుకుని, రెండడుగులు వెనక్కి వేసి, "అబ్బా, ఏం ముండవురా నువ్వు!" అని మురిసిపోయాడు. నాకు దొరికిన ముద్దు మాట అదొక్కటే.

నన్ను చేయించినవాడు దర్శకుడు భుజంగరావు. ఎప్పుడూ పుల్లతో పళ్లు కుట్టుకుంటూ, ఆ పుల్లతోనే ఎదుటివాళ్లను చూపిస్తూ మాట్లాడేవాడు. మణికట్టుకు అప్పచ్చిలాంటి పెద్ద తెల్ల గడియారం. ఆయన తీయబోయే సినిమా పేరు 'గబ్బిలంకొండ రాకాసి'. కథేమిటంటే, కొండగుహలో నిద్రపోయే రాకాసిని ఎవరో సైంటిస్టు లేపుతాడు, అది ఊరి ఆడపిల్లలను ఎత్తుకుపోతుంది, హీరో వచ్చి కాల్చి చంపుతాడు. ఆ రాకాసిని ఎవరు లేపమన్నారో, అది ఆడపిల్లలను తీసుకెళ్లి ఏం చేసుకుంటుందో భుజంగరావుకు కూడా తెలియదు.

నాలోకి దూరడానికి మగవాళ్లను చాలామందిని చూశారు. అందరికీ నేను వదులయ్యాను. చివరికి జూనియర్ ఆర్టిస్టుల గుంపులోంచి వరహాలును పిలిచారు.

వరహాలుది అనకాపల్లి దగ్గర పల్లె. తాడిచెట్టంత మనిషి. సినిమాల్లో చెలికత్తెగా అయినా నిలబడదామని వచ్చింది కానీ, ఆమె పక్కన నిలబడితే హీరో ఆమె చెవికమ్మ దగ్గర ఆగిపోయేవాడు. అందుకని గుంపులో ఎప్పుడూ వెనక వరసే, అక్కడా కూర్చోబెట్టేవారు. నాలోకి దూరి, పెంచలయ్య వీపు మీద జిప్పు లాగాక, అద్దంలో చూసుకుని ఆమె అన్న మొదటి మాట నాకు బాగా గుర్తు.

"ఓలమ్మో! ఇప్పుడు నన్నెవుడు కూకోమంటాడో సూత్తాను!"

షూటింగు చెంగల్పట్టు దగ్గర ఒక రాళ్ల క్వారీలో, నడివేసవి ఎండలో. లోపలికి గాలి లేదు. నా ముక్కు చిల్లుల్లోంచే ఆమె చూడాలి, పీల్చాలి. ఆమె చెమట నా లోపలి గోడల వెంట కారి కాళ్లలో చేరేది. సాయంత్రం బూటు ఒంపినట్టు నన్ను ఒంపేవారు. ఆమె రెండుసార్లు నాలోనే కక్కుకుంది. రోత అంటే ఏమిటో బయటివాళ్లకు తెలియదు. తిరగేసిన రాకాసికి తెలుస్తుంది.

ఆ కంపుకు వెరవక దగ్గరికి వచ్చేవాడు పెంచలయ్య ఒక్కడే. షాటుకూ షాటుకూ మధ్య నా నోట్లోకి రబ్బరు గొట్టం పెట్టి ఆమెకు మజ్జిగ పట్టేవాడు. తాటాకు విసనకర్రతో నా ముక్కులోకి విసిరేవాడు. "ఇంకొక్క షాటే లేమ్మా, ఓర్చుకో" అనేవాడు. లోపల్నుంచి ఆమె, "నువ్వు నేకపోతే నానీ పాటికి బొగ్గయిపోదును మేస్త్రీ" అనేది. ఆ మాటను విధి విన్నట్టుంది.

చివరి షాటు రాకాసిని కాల్చడం. ఛాతీ మీద, చేతుల మీద తడి బట్ట కప్పి, పైన కిరసనాయిలు పూసి అంటించాలని, నాలుగడుగులు పరిగెత్తగానే ఆర్పేయాలని ముందే అనుకున్నారు. భుజంగరావు పుల్ల తీసి, "వీపు మీద కూడా పోయండయ్యా, మంట ఆకాశానికి లేవాలి" అన్నాడు.

పెంచలయ్య అడ్డం నిలబడ్డాడు. "వీపు మీద వద్దు సార్. ఆడ జిప్పుండాది. రబ్బరు కరిగి జిప్పుకు పట్టుకునిందంటే మనిషిని బయటికి తియ్యలేం. లోపల ఆడపిల్లుండాది."

"సరే సరే" అన్నాడు భుజంగరావు.

రబ్బరు లోపల, దూది కుక్కిన చెవులతో ఉన్న వరహాలుకు ఈ మాటలేవీ వినపడలేదు. నాకు వినపడ్డాయి. కెమెరా తిరిగింది. అంటించారు. నాలుగడుగులు వేసేసరికి ముందువైపు మంట సన్నగిల్లింది. అప్పుడు వెనకనుంచి చల్లగా ఏదో పడింది, మరుక్షణం నా వీపంతా భగ్గుమంది. ఎవరు పోశారో నేను చూడలేదు, నా కళ్లు ముందుకే ఉంటాయి. కానీ కెమెరా వెనక ఉండాల్సిన ఆ పళ్లుకుట్టు గొంతు నా వెనకనుంచే, "తిరుగు, తిరుగు! బ్రహ్మాండంగా ఉంది!" అని అరిచింది.

ఆమె నటించడం మానేసింది. జిప్పు కోసం చేతులు వెనక్కి పెట్టి గుండ్రంగా తిరిగింది, గెంతింది, మోకాళ్ల మీద పడింది. జిప్పు రబ్బరులో కూరుకుపోయింది. ఆ తర్వాత ఒక తడి గోనె, దాని వెనక ఒక మనిషి, రెండు చేతులు. ఆ చేతులు కత్తి కోసం ఆగలేదు. కాలుతున్న నన్ను గోళ్లతో చీల్చి, ఆమెను గుడ్డులోంచి పిల్లను తీసినట్టు తీశాయి. అప్పటికే ఆమెకు స్పృహ లేదు.

నా ఒళ్లు అక్కడే బూడిదైంది. మిగిలిన తలను ఎవరో పెంచలయ్య షెడ్డులో పడేశారు.

ఆసుపత్రిలో ఏం జరిగిందో పెంచలయ్య షెడ్డుకు తిరిగొచ్చి భార్యకు చెప్తుంటే విన్నాను. అంతకుముందే భుజంగరావు ఆమె మంచం పక్కన కూర్చుని, "నేనే నిన్ను బయటికి లాగాను. ఆ పెంచలయ్యగాడి దరిద్రపు జిప్పు నిన్ను చంపబోయింది" అని చెప్పి వెళ్లాడు. యూనిట్లో ఒక్కడూ నోరు మెదపలేదు. అందరికీ భుజంగరావు తర్వాతి సినిమాలో పని కావాలి. పెంచలయ్య చేతులకు తువ్వాలు చుట్టుకుని చూడబోతే, వరహాలు ఆయన్ను నోరు తెరవనివ్వలేదు. వార్డు వార్డంతా చూస్తుండగా ఆయన ముఖం మీద ఉమ్మింది.

ఆయన ముఖం కడుక్కున్నాడు. తుడుచుకుని, మళ్లీ వెళ్లి కడుక్కున్నాడు. కాలిన చేతులతో నీళ్లు ముంచలేకపోతే భార్య పోసింది. "చెప్పొచ్చుగదా నిజం?" అందామె. "కాలిన మనిషితో వాదులాడేదా?" అన్నాడు.

ఆ తర్వాత స్టూడియోల్లో ఏది ఊడినా, ఏది విరిగినా "పెంచలయ్య జిప్పు" అనడం సామెతైపోయింది. ఆయనకు పని రాలేదు. షెడ్డు ఖాళీ చేసి వెళ్లిపోయాడు. నన్ను తీసుకుపోలేదు. వెళ్తూ ఒకసారి చూశాడంతే. అప్పుడు నన్ను 'ముండ' అనలేదు, ఇంకేమీ అనలేదు.

సినిమా విడుదలైంది. కొత్తగా తీయడానికి ఇంకో ఒళ్లు లేదు కనక ఆ షాటునే ఉంచారు. జనం భయపడ్డారట. నాకేం గర్వం కలగలేదు.

తర్వాతి బతుకు చెప్పుకోదగ్గది కాదు. ఒక అద్దె సామాన్ల గోడౌనులో పడున్నాను. తిరునాళ్లలో దెయ్యాల ఇల్లు నడిపేవాడు కొనుక్కుపోతే, అక్కడ తాగుబోతులు నా నోట్లో బీడీముక్కలు పెట్టి పోయేవారు. కొన్నాళ్లు హైదరాబాదులో కడుతున్న ఒక మేడ మీద దిష్టిబొమ్మగా వేలాడాను. పొరుగువాడి కళ్లు తన మేడ మీద పడకూడదని ఒక కాంట్రాక్టరు, తను మాత్రం రోజంతా పొరుగువాడి మేడ వంకే చూస్తూ, నన్ను కట్టించాడు. మేడ పూర్తవగానే పాత సామాన్లవాడికి వేశాడు. అక్కడ నన్ను సాత్విక్ అనే కుర్రవాడు చూసి, సంతోషంతో కేక పెట్టాడు.

"ఓ మై గాడ్, గబ్బిలంకొండ రాకాసి!"

సాత్విక్ కు ఒక క్లబ్బు ఉంది. ఒక కాఫీ షాపు మేడ మీద, ఆదివారం మధ్యాహ్నాలు, పాత దెయ్యాల సినిమాలు, రాకాసి సినిమాలు వేసుకుని చూస్తారు. భయపడటానికి కాదు, నవ్వుకోవడానికి. ఆ కాలక్షేపానికి 'రోత సినిమాల ఆదివారం' అని పేరు. నాకు నల్ల కళ్లద్దాలు పెట్టి తెర పక్కన స్టూలు మీద కూర్చోబెట్టారు. నా సినిమా వాళ్లకు ప్రాణం. మాటలన్నీ కంఠతా వచ్చు, నటులకన్నా ముందే అరిచేవారు. నా వీపు మీద జిప్పు కనపడ్డప్పుడల్లా అందరూ "జిప్!" అని కేక పెట్టి తెర మీదికి పేలాలు విసిరేవారు. హీరో పీట మీద నిలబడ్డ సంగతి, గబ్బిలానికి కట్టిన దారం, సమాధి వెనక ఎవరో పెట్టి మరిచిన టిఫిను క్యారియరు, దేన్నీ వదిలేవారు కాదు. మనుషులు భయపడుతుంటే ఒక రోత, నవ్వుతుంటే ఇంకో రోత. ఒక మనిషి చెమట, కక్కు నిండిన ఒంటిని చూసి పేలాలు విసురుకునే జాతి మీద నాకు ఇంకేం గౌరవం ఉంటుంది?

ఆ గుంపులో సహస్ర అనే అమ్మాయి ఉంది. చదువుకునే రోజుల్లో ఆమె హాస్టల్లో వంట చేసిన పొడుగాటి పెద్దావిడ ఒకరు, తను సినిమాల్లో రాకాసి వేషం కట్టానని చెప్పడం ఆమెకు గుర్తొచ్చింది. వెతికి పట్టుకుని ఒక ఆదివారం వెంటబెట్టుకొచ్చింది.

గుమ్మంలో తల వంచి లోపలికి వస్తుంటేనే నేను పోల్చుకున్నాను. జుట్టు తెల్లబడింది. నూలు చీర, మెడ దగ్గర ముడతపడిన కాలిన చర్మం. మద్రాసు వదిలాక ఆమె బతుకంతా హాస్టలు వంటిళ్లలోనే గడిచిందట. ఈ సినిమా ఒక్కసారి కూడా చూడలేదట. కుర్రకారు లేచి ఈలలు వేశారు. ముందు వరసలో కూర్చోబెట్టారు.

సినిమా మొదలైంది. వరహాలు ఏడుస్తుందని, లేకపోతే చీదరించుకుని లేచిపోతుందని అనుకున్నాను. నవ్వింది! కడుపు పట్టుకుని నవ్వింది. "ఓలమ్మో, ఏటా నడక? గేదె బురదలోంచి లెగిసినట్టు నేదూ?" అంది. "ఆ ఈరో గాడు సూడండి, పీట కదిలి పడబోనాడు!" అంది. "జిప్!" అని అందరితో పాటు అరిచి, పేలాలు తీసుకుని తనూ విసిరింది. నాకు ఆమె మీద కూడా ఏవగింపు పుట్టింది. లోపల కక్కుకున్నది మరిచిపోయావా అని అడగాలనిపించింది.

ఇంతలో మంటల షాటు వచ్చింది. సాత్విక్ రిమోటు పట్టుకుని తెర పక్కకు గెంతాడు.

"ఆంటీ, ఇదే మా ఫేవరెట్! సినిమా మొత్తానికి ఇదే హైలైట్! స్లోగా పెడతా చూడండి. ఇదిగో, ఫ్రేములో చెయ్యి!"

"చెయ్యి! చెయ్యి!" అని గది దద్దరిల్లింది.

తెర అంచున, రాకాసి వీపు వెనకాల, ఒక చెయ్యి. చేతిలో డబ్బా. మణికట్టుకు పెద్ద తెల్ల గడియారం. డబ్బా వంగింది. రాకాసి వీపు భగ్గుమంది.

"ఇప్పుడు మన గోనె అంకుల్ ఎంట్రీ!"

ఎడమ పక్కనుంచి పంచె ఎగ్గట్టిన మనిషి ఒకడు, చేతిలో తడి గోనెతో, కెమెరా ఉన్నదన్న ధ్యాసే లేకుండా పరిగెత్తుకొచ్చాడు. రెప్పపాటు ముఖం కనపడి, షాటు తెగిపోయింది. "గో... నె... అంకుల్!" అని అందరూ లేచి చప్పట్లు కొట్టారు. అసలు హీరో ఆయనే అని వాళ్ల తీర్మానం.

వరహాలు నవ్వు ఆగింది.

"బాబూ, ఓపాలి ఎనక్కి తిప్పు" అంది.

ముచ్చటపడిందనుకుని సాత్విక్ తిప్పాడు. మళ్లీ తిప్పమంది. మూడోసారి ఆమె లేచి తెర దగ్గరికి వెళ్లింది. ఆమె నీడ రాకాసి మీద పడింది. వేలు పెట్టి ఆ గడియారాన్ని తాకింది.

"ఇది భుజంగరావు సెయ్యి" అంది.

తర్వాత ఆ ముఖం మీద అరచెయ్యి ఆనించింది. "ఈయన మా మేస్త్రీ. తువ్వాలు సుట్టుకొచ్చినాడే ఆసుపత్రికి... సేతులకి. ఎందుకు సుట్టుకున్నాడని అడగనేదు నాను. మొకాన ఉమ్మీసినాను. ఉమ్మీసినాన్రా నాయినా!"

వెనక వరసలో ఇంకా ఎవరో నవ్వుతూనే ఉన్నారు, ఇదీ ఆటలో భాగమనుకుని. సహస్ర వెళ్లి ఆమె భుజం పట్టుకుంది.

ఇక్కడ నాకు నచ్చని నిజం ఒకటి ఒప్పుకోవాలి. సినిమాను గౌరవంగా చూసినవాళ్లెవరూ ఆ చేతిని చూడలేదు. హాలులో భయపడిన వేలమందికీ అది కనపడలేదు. తప్పులు ఏరుకుని నవ్వడానికి కూర్చున్న ఈ పేలాల గుంపే దాన్ని పట్టుకుంది, పట్టుకుని తామేం పట్టుకున్నదీ తెలియకుండా చప్పట్లు కొట్టింది. వాళ్లను పూర్తిగా అసహ్యించుకునే సుఖం కూడా ఆ మధ్యాహ్నం నాకు పోయింది.

"ఆంటీ, రెండు ముక్కలు మాట్లాడతారా, అందరూ వెయిట్ చేస్తున్నారు" అన్నాడు సాత్విక్ మెల్లగా.

"మాటల్లేవు బాబూ. ఆ తలకాయ నాకిచ్చీ."

సాత్విక్ నన్ను చూశాడు, ఆమెను చూశాడు. నేను వాళ్ల క్లబ్బుకు గుర్తును. చివరికి నన్ను తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు. కళ్లద్దాలు తీయడం మరిచిపోయాడు.

పెంచలయ్య ఆచూకీ తీసింది సహస్ర. పాత సినిమా పనివాళ్ల సంఘంలో ఎవరినో పట్టుకుని ఫోన్ల మీద ఫోన్లు చేసింది. ఆయన బతికే ఉన్నాడు. సినిమా పని పోయాక, కాళ్లు తెగినవాళ్లకు రబ్బరు పాదాలు చేసే దుకాణంలో పనిచేసి, ఇప్పుడు చెన్నై శివార్లలో కూతురు సుబ్బరత్న దగ్గర ఉంటున్నాడు. వరహాలు నన్ను బియ్యం సంచిలో వేసుకుని రైలెక్కింది. పై బెర్తు ఆయన, "ఏంటండీ ఆ కంపు, ఎలుక చచ్చిందా?" అంటే, "పాత సినిమా బాబూ" అని చెప్పింది.

సుబ్బరత్న తలుపు తీసి, ఎవరో తెలుసుకుని, గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆమె చిన్నప్పట్నుంచీ విన్న పేరు అది.

"ఇప్పుడెందుకొచ్చారు? మా అమ్మ మిమ్మల్ని తిట్టుకుంటానే పోయింది."

"తిట్టనీయమ్మా. నువ్వూ తిట్టు. ఓపాలి ఆయన్ని సూసి ఎల్లిపోతాను."

లోపల్నుంచి, "ఎవరమ్మే?" అని గొంతు వచ్చింది. సుబ్బరత్న చాలాసేపు నిలబడి, పక్కకు తప్పుకుంది.

పెంచలయ్య మంచంలో కూర్చుని ఉన్నాడు. వేళ్లు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. అవి చూసి వరహాలు కింద కూలబడి, ఆ చేతులు రెండూ తీసుకుని కళ్లకద్దుకుంది.

"తెలీదు మేస్త్రీ. ఆ డబ్బా ఎవుడిదో, ఆ గోనె ఎవుడిదో నాకు తెలీదు. మొన్నాదివారం సూసినాను. నా మొకాన ఉమ్మీ. నీకు పున్నెముంటాది, ఉమ్మీ."

ఆయన ఆమెను పైనుంచి కిందికి చూశాడు.

"వరహాలా? ఇంత పొడుగుండావేంది ఇంకా! ఉమ్మేదానికి నోట్లో తడి యాడుండాది తల్లీ? మాత్రలు మింగి మింగి ఎండిపోయింది."

ఆమె ఏడుస్తూనే నవ్వింది. ఆయన నవ్వలేదు.

"నలభై ఏళ్లకు పైన మోసినాను ఆ మాట" అన్నాడు. "నిన్ను కాల్చినానని లోకమంతా అనుకున్నా పర్లేదు. నువ్వు అనుకున్నావే! మజ్జిగ పట్టినాను గదమ్మా నీకు."

ఆమె ఆ చేతులను వదల్లేదు. అప్పుడాయన ముక్కు ఎగబీల్చి, "ఏందా కంపు?" అన్నాడు. వరహాలు సంచిలోంచి నన్ను బయటికి తీసింది. నల్ల కళ్లద్దాలతో నన్ను చూసి నా సృష్టికర్త ముఖం వికారంగా పెట్టాడు.

"ఛీ! ఇట్టా చేసినానా నేను? ఆ కొమ్ములేంది, ఒకటి తూర్పు, ఒకటి పడమర! బయట పెట్టండి ముందు, అన్నం సయించదు."

నన్ను పెరట్లో బట్టల తీగకు తగిలించారు. తెల్లారాక చెత్తబండిలో వేయమని సుబ్బరత్నకు చెప్పారు. నేనేమీ బాధపడలేదు. ఆ తీగ మీదనుంచి కిటికీలో గది కనపడుతుంది.

భోజనాలయ్యాక సుబ్బరత్న టీవీలో ఆ సినిమా పెట్టింది. పెంచలయ్య కూడా దాన్ని ఎప్పుడూ చూడలేదట. ఇద్దరూ మంచం మీద పక్కపక్కన కూర్చున్నారు. కాసేపటికి మొదలుపెట్టారు. ఆయన నా చెవులను అప్పడాలన్నాడు. ఆమె నా నడకను గేదె నడకంది. హీరో పీట మీదినుంచి తూలినప్పుడు ఆయనకు నవ్వి నవ్వి దగ్గు వచ్చింది, ఆమె వీపు నిమిరి మంచినీళ్లు తాగించింది. వక్కలు కత్తిరించుకుంటున్న సుబ్బరత్న కూడా తల దించుకుని నవ్వింది. సాత్విక్ గుంపు అన్నంత మాటలూ అన్నారు, ఇంకా ఎక్కువే అన్నారు. చీదరించుకుందామని ప్రయత్నించాను. కుదరలేదు.

క్వారీ వచ్చింది. రాకాసి ఛాతీ మీద మంట లేవగానే పెంచలయ్య నవ్వు ఆపి గోడవైపు తిరిగిపోయాడు. సుబ్బరత్న టీవీ ఆపబోతే వరహాలు వద్దని చెయ్యి ఊపింది. ముడుచుకున్న ఆయన వేళ్లలో తన వేళ్లు దూర్చి, తెరకేసి కన్నార్పకుండా చూసింది. చెయ్యి వచ్చింది, డబ్బా వంగింది, గోనె వచ్చింది. అంతా ఆమే చూసింది, ఆయన తరఫున కూడా.

"అయిపోనాది మేస్త్రీ" అంది. "ఇటు తిరుగు."

ఆయన తిరిగాడు. తెర మీద హీరో, హీరోయిన్ కొండ మీద పాట అందుకున్నారు. వెధవ పాట, దానికి అర్థం లేదు, తాళం లేదు. వాళ్లిద్దరూ దాన్ని చివరిదాకా విన్నారు.